గవ్వ అందుకున్న పాట

అనగనగా ఒక అడవిలో గవ్వ అనే గోరింక ఉంది. ఇప్పుడంటే అది పేరున్న పాటగత్తె. గురువు దగ్గర నేర్చుకున్న రోజులు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ పకపకా నవ్వుతుంది. ఎందుకంటారా? చెబుతాను, కదలకుండా కూర్చోండి మరి.

ఆ అడవిలో ఒక పాటల జట్టు ఉండేది. జెముడుకాకి భూషయ్య తాత దానికి పెద్ద. వడ్రంగిపిట్ట దరువు వేసేది. కప్ప కింద నుంచి శ్రుతి పట్టేది. ఆ జట్టుకు ఒకటే కట్టుబాటు. నిన్నటి పాట ఇవాళ పాడకూడదు. ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకుని, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవాలి.

అందులో చేరాలని గవ్వకు ఎంత ఆశో!

"తాతా, నన్నూ మీ కొమ్మ మీద కూర్చోబెట్టుకోవా?" అని అడిగింది.

"తొలకరి కచేరీలో అందుకున్నావంటే చోటు నీదే. లేదంటే మళ్లీ వచ్చే ఏడాదే" అన్నాడు తాత.

మొదటి రోజు తాత "ఊప్... ఊప్..." అని పాడుతూ, పొలమారి ఖళ్లు ఖళ్లుమని దగ్గాడు. గవ్వ పాటంతా అప్పజెప్పింది. దగ్గుతో సహా! కప్ప పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓసి పిచ్చిదానా! నా దగ్గు నీకెందుకే?" అన్నాడు తాత.

గవ్వకు రోషం వచ్చింది. మర్నాడు కోయిల పాట, పికిలిపిట్ట పాట, నెమలి కేక అన్నీ నేర్చుకొచ్చి గుక్కతిప్పుకోకుండా వినిపించింది.

"బాగున్నాయమ్మా. ఇందులో నీదేది?" అన్నాడు తాత.

మూడో రోజు తాత పాడనేలేదు. "ఇవాళ నోరు మూసి చెవులు తెరువు" అని వాగు పక్కన కూర్చోబెట్టాడు. గవ్వకు విసుగొచ్చింది, కునుకూ వచ్చింది. ఇంతలో నీళ్లు రాయికి తగిలి గలగలమన్నాయి. గవ్వ తనకు తెలియకుండానే "కిచ్" అని బదులిచ్చింది.

"అదీ! అలా రావాలి!" అని తాత రెక్కలు కొట్టాడు.

తొలకరి రానే వచ్చింది. అడవంతా కచేరీకి కదిలింది. గవ్వ మాత్రం భయంకొద్దీ ఒక పాట బట్టీ పట్టి ఉంచుకుంది. తాత పాడి, నీ వంతు అన్నట్టు తల ఊపాడు. సరిగ్గా అప్పుడే వడ్రంగిపిట్ట ముక్కు తడిసిన మానులో ఇరుక్కుపోయింది!

"టక్... గిర్ర్... గిర్ర్..."

దరువు ఆగింది. కుందేళ్లు కిసుక్కుమన్నాయి. పాపం, వడ్రంగిపిట్ట సిగ్గుతో గిలగిలలాడింది.

బట్టీ పాట పాడేస్తే గవ్వ గండం గట్టెక్కినట్టే. కానీ వడ్రంగిపిట్ట మామ నవ్వులపాలవుతాడు. గవ్వ ఆ పాటను మింగేసింది. వినబడిన చప్పుడునే అందుకుంది.

"టక్ గిర్ గిర్, కిచ్ కిచ్ కిర్!"

వడ్రంగిపిట్టకు ప్రాణం లేచొచ్చింది. లయకు తగ్గట్టే ముక్కు లాగసాగింది. కప్ప "బెక" అంది. తాత "ఊప్" అన్నాడు. నవ్విన కుందేళ్లే లేచి గెంతులు వేశాయి! ముక్కు ఊడొచ్చింది, పాట మాత్రం ఆగలేదు. వాన కూడా ఆగలేదు.

"అది ఏం పాట తాతా?" అని ఆయాసపడుతూ అడిగింది గవ్వ.

"నాకేం తెలుసే? నేనూ ఇప్పుడేగా విన్నాను!" అని తాత మురిసిపోయాడు. తర్వాత జట్టు వైపు తిరిగి గదమాయించాడు.

"జరగండర్రా! పిల్ల కూర్చోవద్దూ?"

నీతి: గురువును అనుకరిస్తే పాట వస్తుంది, పక్కవారిని విని ఆదుకుంటేనే విద్య వస్తుంది.