వెనక వరస పాట

కాలవ గట్టున ఇశ్రాయేలుగారి పశువుల సావిడి ఉంది. ఆదివారం పొద్దున ఆయన కుటుంబం చర్చికి వెళ్ళగానే, సావిట్లో జీవాలన్నీ తమ ఆరాధనకు కూడేవి. వాటి పద్ధతి ఒకటే. ఎవరు ఎక్కడ కూర్చున్నా సరే, పాట ఎత్తుకోగానే అందరూ తూర్పుకు తిరగాలి. కంచె అవతల చర్చి సిలువ కనబడేది అటే.

ఈ పద్ధతి పుంజు రాజరత్నానికి మింగుడుపడేది కాదు. పందెం కోళ్ళలో డేగ జాతి పుట్టుక, ఎర్రటి జుట్టు, ఊరంతా పేరు! అలాంటిది ఈకలూడిన బాతు పక్కన, పేడ నేల మీద కూర్చోవాలా?

"ఏవండీ, మనం వచ్చింది దేవుడి కోసం. ఎవరి పక్కన కూర్చుంటే ఏంటంట?" అనేది పెట్ట కరుణమ్మ.

ఈ గొడవంతా కంచె అవతలి నక్క చెవిన పడింది. కరుణమ్మ ఎనిమిది పిల్లల మీద దానికి ఎప్పటినుంచో కన్ను. ఒక ఆదివారం మెడలో తువ్వాలు వేసుకుని, తల వంచుకుని పుంజు ముందుకొచ్చింది.

"మాంసం మానేశానండయ్యా, మారుమనసు పొందాను. అయినా తమలాంటి పెద్దజాతివారు నేల మీద కూర్చోడమేంటండీ! పడమర గోడ దగ్గర గంప బోర్లించుకుని ఎక్కండి. మిగతావాళ్ళు హోదాను బట్టి వరసల్లో కూర్చుని తమర్నే చూస్తారు. ముందు తమకు సన్మానం. పాట సంగతి తర్వాత."

"మరి నా పిల్లలో?" అంది కరుణమ్మ.

"తమరు పెద్దమనిషి భార్య, ముందు వరసమ్మా. హోదా లేని పిల్లలు వెనకాల, కంచె దగ్గర. నేనూ పాపిష్టిదాన్నే కదా, వాళ్ళ వెనకే కూర్చుంటాను."

రాజరత్నం అప్పటికే మునగచెట్టు ఎక్కేసింది. సమాధానం అనే ముసలి ఎద్దుకు ఒళ్ళు మండింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? వరసలు కావాలని ప్రభువు అడిగాడా?"

"నీకూ ముందు వరసే ఇచ్చాం కదా తాతా, ఊరుకో!" అంది పుంజు.

మేక పాత గోనెపట్టా తెచ్చి, గంపెక్కిన పుంజుకు శాలువాలా కప్పింది. నక్క వెనకనుంచి రాజరత్నం తాతముత్తాతల పేర్లు ఎత్తుకుంది. ఒక్కో పేరుకూ ఒక్కో అడుగు ముందుకేసింది.

"ఎవరూ వెనక్కి తిరక్కండి! పెద్దల్ని అవమానించినట్టవుతుంది."

వెనక ఏం జరుగుతోందో కనబడేది గంప మీదున్న పుంజు ఒక్కదానికే. అదేమో పొగడ్తల తీపికి కళ్ళు మూసుకుంది.

అంతలో చర్చి గంట మోగింది. అన్నిటికన్నా చిన్న పిల్ల బుజ్జికి సన్మానాలేం తెలుసు? గంట మోగితే పాట పాడాలని తెలుసు, అంతే. తూర్పుకు తిరిగి, కళ్ళు మూసుకుని అందుకుంది.

"నీ చాటున ఉన్నామయ్యా, మా దేవా..."

ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? సావిడంతా ఒక్కసారిగా తూర్పుకు తిరిగింది. అక్కడ నక్క, సరిగ్గా బుజ్జి తల మీద నోరు తెరుచుకుని!

"ఏం నక్కా, నువ్వూ పాడబోతున్నావా?" అంటూ సమాధానం కొమ్ములు దించింది.

"రాగం... రాగం అందుకుందామనీ..." అంటూనే నక్క కంచె దూకింది. తువ్వాలు ముళ్ళకు చిక్కింది, వెనకాల కొమ్ముపోటు ఎటూ తప్పలేదు.

రాజరత్నం శాలువా విదిలించి ఒక్క గెంతున దూకింది. ఎనిమిది పిల్లల్నీ ముక్కుతో తడిమి తడిమి చూసుకుంది.

"చూడగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కరుణమ్మా, కళ్ళు మూసుకున్నాను" అంది సిగ్గుతో.

"ఇప్పుడు తెరిచారుగా. కూర్చోండి, పాట మధ్యలో ఆగిపోయింది."

పుంజు వెళ్ళి ఈకలూడిన బాతు పక్కనే నేల మీద కూర్చుంది. అందరూ తూర్పుకే తిరిగి ఉన్నారు కనుక, వెనక వరస పిల్లలు ఇప్పుడు అందరికన్నా ముందున్నారు. బుజ్జి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. అందరికన్నా గట్టిగా గొంతు కలిపింది రాజరత్నమే.

నీతి: ఆరాధనలో చూపు దేవుడి మీద ఉంటే, ముందెవరో వెనకెవరో చూసుకునే పనే ఉండదు.