పందిరి పట్టుకున్న చేతులు

పూర్వం, సముద్రం ఇంకా పసిపిల్లలా అల్లరి చేసే రోజుల్లో, ముత్యాలతీరాన్ని మణిధరుడు అనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు సుకేతుడికి ఓడల నాయకుడి కూతురు తరళతో పెళ్లి కుదిరింది. ఆ తీరంలో ఎవరి పెళ్లయినా ఇసుక మీదే, పచ్చి కొబ్బరాకుల పందిరి కిందే. అక్కడ ఒక ఆచారం ఉంది. పందిరి వేసినవాళ్లు తొలి బంతిలో తిన్నాకే వధూవరులు పీటల మీద కూర్చోవాలి.

ఏడు సముద్రాల అవతల ప్రచండుడనే మాంత్రికుడు ఉండేవాడు. తరళ తనకే కావాలన్నాడు. "మూడు ముహూర్తాలు ఇస్తున్నాను. మూడింటిలోనూ తాళి పడకపోతే పిల్ల నాది. కాదంటే మీ తీరాన్ని సముద్రంలో కలిపేస్తాను" అన్నాడు. ఒప్పుకోక తప్పలేదు.

మొదటి ముహూర్తానికి పెద్ద కొడుకు కొబ్బరాకులు మోటుగా ఉంటాయని పట్టు పందిరి వేయించాడు. వేయించాడు అంటే ఏమిటి పిల్లలూ? చేతులు వేరేవాళ్లవి, పేరు ఆయనది. తొలి బంతిలో సామంతరాజులు కూర్చున్నారు. పందిరి వేసినవాళ్లు ఆకలితో ఇళ్లకు పోయారు. తుఫాను వచ్చింది. పట్టు చిరిగి ఎగిరిపోయింది. రాజులు గుర్రాలెక్కి పారిపోయారు.

రెండో ముహూర్తానికి రెండో కొడుకు టేకు దూలాలతో పందిరి వేయించాడు. మళ్లీ తొలి బంతిలో రాజులే. మళ్లీ తుఫాను. దూలాలు కూలిపోయాయి. రాజులు మళ్లీ పారిపోయారు.

ఇక మిగిలింది ఒకే ఒక్క ముహూర్తం. ఆ మాంత్రికుడి సంగతేదో అక్కడికే వెళ్లి తేల్చుకుంటానని సుకేతుడు బయలుదేరాడు. తరళ అతనికి అరిసెల మూట ఇచ్చి ఒక్క మాట చెప్పింది. "నువ్వు తినేముందు, నీ పని చేసినవాళ్లకు పెట్టు."

ఒడ్డున ఒక ముసలి తాబేలు కనిపించింది. వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. సుకేతుడు తొలి అరిసె దానికే పెట్టాడు. అవతలి ఒడ్డున చీమలు మాంత్రికుడి కోటకు దారి చూపించాయి. రెండో అరిసె వాటికి పెట్టాడు.

కోటలో ప్రచండుడు భోజనానికి కూర్చున్నాడు. కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవడు. పైన పంజరంలో ఒక చిలుక ఆకలితో రెక్కలు కొట్టుకుంటోంది. అది రెక్క కొట్టినప్పుడల్లా కిటికీలోంచి ఈదురుగాలి బయటికి పోతోంది. మాంత్రికుడి ప్రాణమూ అందులోనే, తుఫానూ అందులోనే. చీమలు పంజరం తాడు కొరికేశాయి. సుకేతుడు పంజరం అందుకుని బయటికి పరిగెత్తాడు.

"మెడ నులుముతావా? అందరూ అందుకే వస్తారు" అంది చిలుక.

"ముందు తిను" అన్నాడు సుకేతుడు, చివరి అరిసె అందిస్తూ.

చిలుక గబుక్కున అరిసెను ముక్కుతో అందుకుంది. అంతా తినేసింది. "వాడు తినగా మిగిలిన మెతుకులే నాకింతకాలం. నువ్వు చెప్పినట్టే వింటాను. కానీ ఇందాక ఆకలితో రెక్కలు కొట్టుకున్నాను చూడు, ఆ గాలి అప్పుడే బయలుదేరింది. దాన్ని వెనక్కి పిలవలేను. మీ పందిరిని పట్టుకునేవాళ్లున్నారా?"

సుకేతుడికి అప్పుడు అర్థమైంది. పట్టు చిరిగితే ఏం, దూలం కూలితే ఏం, పట్టుకునే చేతులను మనమే ఇళ్లకు పంపేశాం కదా అనుకున్నాడు.

చిలుకను తీసుకుని, తాబేలు వీపెక్కి తిరిగొచ్చాడు. మూడో ముహూర్తానికి ఆచారం ప్రకారం కొబ్బరాకుల పందిరే వేశారు. సామంతరాజులు ముందుకొచ్చారు. సుకేతుడు అడ్డు నిలబడ్డాడు.

"నాన్నగారూ, పందిరి ఎవరిది? వేసినవాళ్లది. వాళ్లు తిన్నాకే నేను పీట ఎక్కుతాను."

రాజు తల దించుకున్నాడు. పందిరి పెద్ద పోలయ్య తనవాళ్లందరితో తొలి బంతిలో కూర్చుని, నిదానంగా తిని, "పప్పులో ఉప్పు తగ్గింది బాబూ" అన్నాడు. వడ్డిస్తున్న యువరాజులు ఉప్పు కోసం పరిగెత్తారు.

అంతలో తుఫాను వచ్చేసింది. పోలయ్య లేచి ఒక రాట పట్టుకున్నాడు. రాటకొకరు, తాడుకొకరు, ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ పట్టుకున్నారు. చివరికి రాజు కూడా కిరీటం ఇసుకలో పారేసి ఒక రాటను కావలించుకున్నాడు. వధూవరుల మధ్య అడ్డుతెర ఎగిరిపోయింది.

"బాగా నల్లబడ్డావు" అంది తరళ, వానలో తడుస్తూ.

తాళి పడింది. తడిసిన తలంబ్రాలు ఇద్దరి జుట్టుకూ అంటుకుపోయాయి. పందిరి మాత్రం నిలబడింది. గాలి అలిసిపోయి ఆగింది.

పిల్లను తీసుకుపోదామని వచ్చిన ప్రచండుడికి తరళ భుజం మీద చిలుక కనిపించింది. ప్రాణం ఒక్కటి వదిలేస్తే చాలని బతిమాలాడు. చిలుక తరళ చెవిలో ఏదో చెప్పింది. తరళ నవ్వి, తాటాకు విసనకర్ర తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఇక మీదట ఆ తీరంలో ఏ పెళ్లి జరిగినా తొలి బంతికి విసిరేది అతనే.

వధూవరులు అందరికంటే ముందు పోలయ్య దగ్గరికి వెళ్లారు. తాళ్లు ఒరుసుకుని ఎర్రబడిన ఆ చేతులను కళ్లకద్దుకున్నారు. సుకేతుడూ తరళా చాలాకాలం చల్లగా ఏలారు, ప్రతి పెళ్లిలో తొలి బంతికి తామే వడ్డించారు. ఆ తీరంలో ఇప్పటికీ హాయిగా గాలి వీస్తే, ఎక్కడో పందిరి వేసినవాళ్లు భోజనానికి కూర్చున్నారని అనుకుంటారు.