దించుడు రాయి

అనగా అనగా, కొండకీ కడలికీ ఇంకా మాటలున్న కాలంలో, చుక్కలరేవు అనే ఊరుండేది. సంధ్యవేళ ఆ రేవులో తెరచాపలు చూస్తే, ఆకాశమే దిగివచ్చి నీళ్ళమీద చీరలు ఆరేసుకుందా అనిపించేది. ఊరి వెనక మబ్బుకొండ. కొండకవతల రాజుగారి పట్నం, నెమలిపురం.

రేవులో దిగిన సరుకు నెమలిపురం చేరాలంటే ఆ కొండ ఎక్కి దిగాల్సిందే. బండి పోదు, గుర్రం పోదు. మనిషి తలమీదే పోవాలి. అలా మోసేవాళ్ళలో గవరయ్య ఒకడు. తల్లిలేని అతని కూతురు పైడమ్మ ఇంకొకతె.

తలమీద పెద్ద మూట ఉన్నవాళ్ళు తమంతట తాము దించుకోలేరు. దించినా మళ్ళీ ఎత్తుకోలేరు. అందుకే పూర్వం ఏ పుణ్యాత్ములో దారిలో మూడుచోట్ల దించుడు రాళ్ళు నిలబెట్టారు. రెండు నిలువు బండలు, వాటిమీద తల ఎత్తున ఒక అడ్డబండ. తల కాస్త వంచితే మూట బండమీదికి జారుతుంది. ఊపిరి పీల్చుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ తల ఆనిస్తే మూట తలకెక్కుతుంది. ఒకరి సాయం అక్కర్లేదు.

ఆ రెండో రాయి దగ్గరే సింగన్న అనే మోతగాడు పైడమ్మను మొదటిసారి చూశాడు.

"నీ మూటలో ఏముంది పిల్లా?"

"ముత్యాలు."

"నువ్వు నవ్వితే రాలినవా?"

"కాదు. నీలాంటివాళ్ళకి రాలగొట్టిన పళ్ళు."

ఆ రోజు నుంచి ఇద్దరి మూటలూ ఆ రాయిమీద పక్కపక్కనే దిగేవి.

ఇలా ఉండగా మణిదత్తుడనే వర్తకుడు వచ్చి మోతపనంతా గుత్తకు పట్టాడు. నెమలిపురంలో చాటింపు వేయించాడు. "రేవులో శంఖం ఊదగానే మీ గడపలో దీపం పెట్టండి. ఆ దీపం ఆరేలోగా మీ మూట మీ గుమ్మంలో ఉంటుంది!"

మోసేవాళ్ళను పిలిచి, "మీరు నా కూలీలు కారు నాయనా, నా భాగస్వాములు," అన్నాడు. "మూట చేర్చారా, మూటకింతని ఇస్తా. దీపం ఆరిందా, అందులో సగమే."

భాగస్వామి! ఆ మాట చెవికెంత తియ్యగా ఉందో! లాభంలో భాగమెంతని ఎవరూ అడగలేదు. నష్టంలో భాగం మాత్రం ఆయనే అడక్కుండా పంచిపెట్టాడు.

కొన్నాళ్ళకు పట్నం జనానికి ఆ వేగం కూడా చాల్లేదు. మణిదత్తుడు గడపల్లో దీపాలకు నూనె తగ్గించి పోయమన్నాడు. ఆపైన కొండవైపు చూసి, "ఆలస్యానికి మూలం ఆ రాళ్ళే," అన్నాడు. మొదటి అడ్డబండ పెరికించాడు.

"అయ్యా, మరి మేమెక్కడ దించుకోవాలి?" అన్నారు మోసేవాళ్ళు.

"నెమలిపురంలో దించుకోండి."

వేసవిలో రెండోది పెరికించాడు. మళ్ళీ అదే అడిగారు. "నెమలిపురంలో దించుకోండి."

తొలకరికి మూడోది పెరికించాడు. "ఎన్నిసార్లు చెప్పాలర్రా? నెమలిపురంలో!"

మూడు బండలూ రేవులో ఆయన కొత్త మేడకు మూడు మెట్లయ్యాయి. కొండమీద నిలువు బండలు మాత్రం ఉత్తివి మిగిలాయి.

వానలు ముదిరాయి. ఒకనాడు గవరయ్య నేతికుండల గంప మోస్తూ మూడో రాయి ఉండే మలుపు చేరాడు. కింద లోయ. కాళ్ళకింద బురద. కళ్ళు మసకబారాయి.

"ఎవరైనా కాస్త దించండ్రా!" అని కేకేశాడు.

ఇద్దరు మోతగాళ్ళు పక్కనుంచే పోతున్నారు. ఆగితే తమ మూటలూ నేలకు దించాలి, తిరిగి ఎత్తుకోవడానికి దిక్కులేదు. అవతల దీపాలు కొడిగడుతున్నాయి. "తిరిగొచ్చేటప్పుడు దించుతాం మావా!" అంటూ కళ్ళు తుడుచుకుని పరుగెత్తారు.

తిరిగొచ్చేసరికి గవరయ్య లోయలో ఉన్నాడు. వాననీళ్ళలో నెయ్యి తేలుతోంది.

ఆ పాపం ఎవరిదో చెప్పండి పిల్లలూ. పరుగెత్తిన వాళ్ళదా? పరుగెత్తించిన వాడిదా?

మణిదత్తుడు గొడుగు కింద వచ్చాడు. ముందు కుండలు చూశాడు. తరవాత మనిషిని చూశాడు.

"నెయ్యి ఖరీదు ఎవరిస్తారు?"

"మా నాన్న పోయాడయ్యా!" అంది పైడమ్మ.

"అయ్యో పాపం. కూలీ అయ్యుంటే నేనే చూసుకునేవాణ్ణి తల్లీ. భాగస్వామి అయిపోయాడే! ఆయన నష్టం ఆయనదే."

పాడె లేచింది. మన ఆచారం మీకు తెలిసిందే. పాడెను ఏకబిగిన మోసుకుపోరు. నడుమ ఒకచోట దించుతారు. దాన్నే దింపుడు కళ్ళం అంటారు. ప్రాణం ఇంకా ఉందేమోనన్న ఆఖరి ఆశతో చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. కొడుకులు లేరు గనక పైడమ్మే వంగి పిలిచింది.

"నాన్నా! నాన్నా! నాన్నా!"

గవరయ్య పలకలేదు. పైడమ్మ లేచి నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళింకిపోయి నిప్పు రాజుకుంది.

"బతికినన్నాళ్ళూ దించమంటే చోటు లేదు. చచ్చాక దించడానికి చోటు దొరికిందా!"

మర్నాడు సింగన్న అదే దారిన మూటెత్తాలి. "రేపు నా వంతేమో పైడీ," అన్నాడు నవ్వబోయి. "నన్ను పిలవడానికి కాస్త గొంతు దాచుకో."

"నిన్ను పిలవను," అంది పైడమ్మ. "ఆ రాళ్ళను పిలుస్తాను."

అప్పుడే రాజుగారి నుంచి కబురొచ్చింది, మణిదత్తుడికి పట్టుశాలువా కప్పుతామని. ఆయన పొంగిపోయి, "దేవర కూడా దీపం పెట్టించండి, ఆరేలోగా నేనే వచ్చి వాలతాను," అని బదులు పంపాడు. కొండదారి గనక డోలీ కట్టించాడు. వెదురుబొంగుకు వేలాడే దుప్పటి ఉయ్యాల అది. బొంగు ముందు కొస పైడమ్మ భుజానికెత్తుకుంది, వెనక కొస సింగన్న.

"ఆడపిల్ల మోస్తుందా?" అన్నాడు మణిదత్తుడు.

"మీ మూటలు మోసినన్నాళ్ళూ ఈ అనుమానం రాలేదేమయ్యా?"

శంఖం ఊదారు. డోలీ కదిలింది. వెనకాలే వర్తకుడి గొడుగులవాళ్ళు, తలపాగాలవాళ్ళు, వాళ్ళ వెనక మూటలతో మోతగాళ్ళు.

మొదటి రాయి ఉండే చోటికి వచ్చేసరికి వర్తకుడి నడుం పట్టేసింది. "కాస్త దించండి."

"దించే చోటేదయ్యా? నెమలిపురంలో దిగుదురుగాని," అంది పైడమ్మ.

రెండో చోటికి వచ్చేసరికి ఇంకో అవసరం పడింది. పెద్దమనిషి ముఖం ఎర్రబడింది. "ఒసే, అర్థం చేసుకోవే! ఒక్క క్షణం!"

"దీపం ఆరిపోతుందయ్యా!" అంది పైడమ్మ. వెనకనుంచి సింగన్న, "బిగబట్టుకోండి దొరా, మేమంతా అలాగే బిగబట్టుకున్నాం," అన్నాడు.

మూడో మలుపు వచ్చింది. వాన కుండపోతగా ఉంది. డోలీ ఊగుతుంటే దుప్పటి సందులోంచి లోయ కనబడింది. మణిదత్తుడు రెండు చేతులా బొంగు పట్టుకుని వేలాడాడు.

"దించండర్రా! మీ కాళ్ళు పట్టుకుంటా, ఎవరైనా దించండి!"

పైడమ్మ ఆగింది.

"మా నాన్న సరిగ్గా ఇక్కడే, సరిగ్గా ఈ మాటే అడిగాడయ్యా. మీరు తీసేయని దింపుడు ఇక ఒక్కటే మిగిలింది. దింపుడు కళ్ళం. అక్కడ దించమంటారా?"



"నీకేం కావాలి? ఎంత కావాలన్నా ఇస్తా," అన్నాడు మణిదత్తుడు. "రాళ్ళు పెట్టిస్తానని మాటిస్తున్నా!"

"మీ మాటలు చాలా మోశామయ్యా. మాట వద్దు, రాయి కావాలి. మూడూ కావాలి. అప్పటిదాకా మిమ్మల్ని పడనివ్వం, దించం."

వెనకొచ్చే మోతగాళ్ళంతా మూటలు బురదలోనే దించి వచ్చారు. ఆనాడు గవరయ్యను దాటిపోయిన ఇద్దరూ అందరికంటే ముందొచ్చి బొంగుకింద భుజం పెట్టారు. ఒకరి తరవాత ఒకరు భుజం మార్చుకున్నారు. డోలీ మాత్రం నేలకు తాకలేదు.

మణిదత్తుడు తనవాళ్ళను కేకేశాడు. "పొండిరా! మెట్లు పెరికి తెండి!"

తలపాగాలవాళ్ళు పరుగెత్తారు. పుట్టి బుద్ధెరిగి మోత ఎరగనివాళ్ళు బండలెత్తుకుని కొండెక్కారు, అడుగుకోసారి "అమ్మో" అంటూ. మొదటి బండ మొదటిచోట కూర్చుంది. రెండోది రెండోచోట. మూడోది కూర్చున్నాక దానిమీద మొట్టమొదట దిగిన మూట మణిదత్తుడే.

నెమలిపురం చేరేసరికి రాజుగారి దీపం ఎప్పుడో ఆరిపోయింది. జరిగిందంతా రాజు విన్నాడు. శాలువా తెప్పించి, నడిమికి చింపించాడు.

"దీపం ఆరాక వచ్చినవాడికి సగమే కదా నీ న్యాయం. ఇదిగో నీ సగం. ఇక నా న్యాయం విను. కోసుకున్న కూలి తిరిగి ఇవ్వు. ఈ కొండమీద పడ్డవాడి ఇల్లు నువ్వే నిలబెట్టు. భాగస్వాములన్నావుగా, లాభం పంచు. ఇకమీదట ఏ గడపలోనూ ఆ దీపం వెలగడానికి వీల్లేదు."

మిగిలిన సగం శాలువా పైడమ్మ భుజాలమీద కప్పాడు. పైడమ్మ దాన్ని సింగన్న భుజం దాకా లాగింది. ఇద్దరికీ సరిపోయింది.

ఇప్పటికీ మబ్బుకొండమీద మూడో రాయిని గవరయ్య రాయి అంటారు. దానిమీద మూట దించినవాళ్ళు మూడుసార్లు "గవరయ్యా!" అని పిలుస్తారు. దింపుడు కళ్ళం దగ్గర పలకని గవరయ్య అక్కడ పలుకుతాడు. మూడుసార్లూ కొండ పలుకుతుంది.

కథ కంచికి పోతూ పోతూ ఆ రాయిమీద కాసేపు మూట దించుకుంది. మనం ఇళ్ళకు పోతూ ఈ మాట మోసుకుపోదాం: దించుకునే చోటు చూపనివాడికి, ఎదుటివాడి తలమీద బరువు పెట్టే హక్కు లేదు.