అటకెక్కిన ఎస్ప్రెసో

గుమ్మడివలసలో అందరికంటే తెలివైనవాళ్ళు ఎవరని ఊళ్ళో అడిగితే తలా ఒక పేరు చెబుతారు. నూకరాజు ఇంట్లో అడిగితే మాత్రం నలుగురూ ఒక్క గొంతుతో "మేమే" అంటారు. రుజువు కూడా చూపిస్తారు. ఒకసారి ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళ్తూ తలుపుకి తాళం వేశారు. తాళంచెవి దారిలో ఎక్కడైనా పడిపోతుందేమోనని దాన్ని తాళానికే కట్టేసి మరీ వెళ్ళారు. తిరిగొచ్చేసరికి తాళంచెవి భద్రంగా ఉంది. ఇంట్లో సామానే లేదు. "సామాను పోతే పోయింది, చెవి పోయుంటే లోపలికెలాగొచ్చీవోలం?" అని నూకరాజు ఇప్పటికీ మీసం దువ్వుతాడు.

నూకరాజు భార్య పైడితల్లి. నిండైన మనిషి. ఆవిడ ఎక్కితే ఆటోవాడు ఇంకెవరి కోసమూ ఆగడు, బండి తీసేస్తాడు. కొడుకులిద్దరు. పెద్దవాడు సన్యాసి, చిన్నవాడు గవరయ్య. వాళ్ళని ఏ పనిలో పెట్టినా మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తారు. మళ్ళీ రమ్మని ఎవరూ అనరు కాబట్టి మళ్ళీ వెళ్ళరు.

పైడితల్లి తమ్ముడు అప్పలసూరికి పట్నం బస్టాండులో కాఫీ కొట్టు ఉంది. కోడి కూయకముందే లేచి కాఫీ కలిపి కలిపి ఆయన విసిగిపోయాడు. కొట్టు ఎవరికైనా అప్పగించేసి, సొంతూరు పోయి, ఎండెక్కేదాకా ముసుగుతన్ని పడుకోవాలని ఒకటే కోరిక. పిల్లల్లేరు. అందుకని అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, నీ కొడుకులు మంచి ఎస్ప్రెసో కాఫీ పెట్టడం నేర్చుకుంటే కొట్టు ఆలకే ఇచ్చీస్తాను. ఆదివారం వచ్చి తాగి సూస్తాను. బాగుందా, కొట్టు ఆల్ది. నేదా, పక్కన సెల్‌ఫోన్ కవర్లు అమ్మీవోడు అడుగుతున్నాడు, ఆడికిచ్చీస్తాను."

పైడితల్లికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కొట్టు వస్తే కొడుకులిద్దరూ ఒడ్డున పడ్డట్టే. నూకరాజు మాత్రం పెదవి విరిచాడు.

"అది జరిగీ పని కాదు. ఎస్ప్రెసో అంటే ఎక్స్‌ప్రెస్సే గదా? మనూర్లో ఎక్స్‌ప్రెస్సు ఆగదు. పల్లెవెలుగే ఆగతాది."

నిజమే కదా అని అందరూ దిగులుపడ్డారు. గవరయ్యే ముందుగా తేరుకున్నాడు. "బస్సు ఆగదు గానీ నాన్నా, కాఫీ ఆగతాదేమో. గ్లాసు అడ్డెట్టి సూద్దాం" అన్నాడు. అంతే, ఇంటికి మళ్ళీ ప్రాణం వచ్చింది.

కాఫీ మిషను కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. అందుకే అప్పలసూరి చౌకలో అయిపోయే దారి చూశాడు. చేత్తో నొక్కే గొట్టం ఒకటి బస్సులో పంపించాడు. కింద జల్లెడ, పైన నొక్కడానికి గుండ్రటి పిడి. దాంతోపాటు ఒక పొట్లం పచ్చి కాఫీ గింజలు. పద్ధతి ఫోన్లో చెప్పాడు.

"ముందు గింజలు ఏయించండి. మాడిపోకండా సూసుకోండి."

వేయించమన్నాడు. అంతే, సన్యాసి పరుగున వెళ్ళి కూలికి ఎర్రయ్యని పిలుచుకొచ్చి, పెరడు దున్నించి, వరసగా గింజలు వేయించాడు. తామే వేస్తే వేసినట్టవుతుంది గానీ వేయించినట్టు కాదు కదా! ఇక మాడిపోకుండా చూడాలి. ఎండ చూస్తే మంటలా ఉంది. ఇంకేముంది, నూకరాజు గొడుగు పట్టుకుని సాయంత్రం దాకా గింజలకి నీడ పట్టాడు. గింజలు మాడలేదు. నూకరాజు మాడాడు.

పొద్దుగూకుతుండగా మావయ్య ఫోన్ చేశాడు. "ఏయించినార్రా?"

"ఏయించినాం మావా. ఒక్కటీ మాడనేదు" అన్నాడు సన్యాసి.

"శెభాష్! రంగెలాగుంది?"

సన్యాసి పెరట్లోకి తొంగిచూశాడు. "మట్టి రంగు మావా."

"అదీ రంగంటే! ఇంక పొడి కొట్టండి" అన్నాడు అప్పలసూరి, మేనల్లుళ్ళ ప్రతాపానికి మురిసిపోతూ.

కొట్టాలంటే ముందు పొడి ఉండాలి. బజారుకెళ్ళి ఒక కాఫీ పొడి పొట్లం కొనుక్కొచ్చారు. చాప మీద పోసి, గవరయ్య దుడ్డుకర్ర తీసుకుని నాలుగు తగిలించాడు. సగం పొడి గాలికి పారిపోయింది. పారిపోకుండా పడున్న సగాన్ని, "ఇది బుద్ధిమంతురాలు" అని డబ్బాలోకి ఎత్తారు.

ఆ పొడి గొట్టంలో వేసి వేణ్ణీళ్ళు పోశారు. పిడి పెట్టారు గానీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కింద గ్లాసులోకి బొట్లు బొట్లుగా నల్లటి నీళ్ళు కారాయి. పైన ఏదో కాస్త నురగ.

"బంగారు రంగు నురగ కట్టాలక్కా. నురగ కట్టకపోతే అది ఎస్ప్రెసోయే కాదు" అన్నాడు అప్పలసూరి ఫోన్లో.

పైడితల్లి పకపకా నవ్వింది. "కట్టడం నాకు సెప్తావేట్రా తమ్ముడా? ఊరందరికీ పూలు కట్టింది నానే గదా!"

అరటినార తడిపి తెచ్చుకుని గ్లాసు ముందు కూర్చుంది. చెంచాతో నురగ తీయడం, నార చుట్టడం, ముడి వేయబోయేసరికి నురగ మాయం. మళ్ళీ తీయడం, మళ్ళీ మాయం. చీరంతా కాఫీ అయింది గానీ ఒక్క ముడి పడలేదు. ఆవిడకి ఏడుపొచ్చేసింది. "కనకాంబరాలు కట్టినాను, మల్లెలు కట్టినాను, మరువం కట్టినాను. ఈ పాడు నురగ మూరెడు కూడా కట్టనేకపోయాను తమ్ముడా!" అని ఫోన్లో భోరుమంది.

అప్పలసూరికి జాలేసింది. "ఏడవకక్కా. నురగ కట్టట్లేదంటే ఒత్తిడి సాలనేదు. గట్టిగా ఒత్తిడి పెట్టండి. కాఫీ దానంతటదే దిగతాది."

దిగుతుంది అన్న మాట వినగానే నూకరాజు లేచి నిలబడ్డాడు. తప్పెక్కడ జరిగిందో ఆయనకి తెలిసిపోయింది.

"దిగాలంటే ముందు ఎక్కాల గదేట్రా! నేల మీదెట్టి దిగమంటే పాపం ఎక్కడికి దిగతాది?"

ఇంకేముంది, నిచ్చెన వేశారు. గొట్టంలో కొత్త పొడి, వేణ్ణీళ్ళు పోసి, కింద గ్లాసు పెట్టి, జాగ్రత్తగా అటకెక్కించారు. కాఫీ దిగడానికి ఇబ్బంది పడకూడదని నిచ్చెన అక్కడే ఉంచారు. అప్పటికే ఆదివారం పొద్దెక్కింది. మావయ్య ఏ క్షణాన్నయినా వచ్చేస్తాడు. నలుగురూ అటక కింద మెడలు నొప్పెట్టేలా చూశారు. కాఫీ దిగలేదు.

"ఒత్తిడి పెట్టాలన్నాడు గదా" అని సన్యాసి గుర్తుచేశాడు.

ఒత్తిడి పెట్టడం ఆ ఇంటికి కొత్తేమీ కాదు. సన్యాసి పదో తరగతి చదివిన ఏడాదంతా వాళ్ళు చేసిన పని అదే. నూకరాజు గొంతు సవరించుకున్నాడు.

"ఎదురింటోల కాఫీని సూసి బుద్ధి తెచ్చుకో! పొద్దున్నే లెగిసి దిగీసింది. నీకేటి తక్కువ సేసినాం? పొడి కావాలంటే పొడి, నీల్లు కావాలంటే నీల్లు!"

"నువ్విలాగే కూకుంటే రేపు నీకెవుడిస్తాడే గ్లాసు?" అని గవరయ్య అందుకున్నాడు.

"సుట్టాలొచ్చీ ఏళకి మా పరువు తీస్తావా?" అని సన్యాసి బతిమాలాడు.

గొట్టం ఉలకలేదు, పలకలేదు. పైడితల్లికి ఒళ్ళు మండింది. "ఇలాగ మెత్తగా సెప్తే ఎవులింటారు? నెత్తిన కూకోవాల! ఈ సన్యాసి పది గట్టెక్కినాడంటే నాను నెత్తిన కూకుంటేనే గదా!"

కొంగు బిగించింది. నిచ్చెనెక్కింది. గొట్టం నెత్తి మీద కూర్చుంది.

సరిగ్గా అప్పుడే అప్పలసూరి గుమ్మంలోకి వచ్చాడు. అందరూ పైకి చూస్తుంటే తనూ తలెత్తి, అటక కింద నిలబడి, "ఏటక్కా అక్కడ..." అని నోరు తెరిచాడు. పైన పైడితల్లి బరువంతా పిడి మీద పడింది. గొట్టం జుయ్యిమంది. గ్లాసు నిండి, పొర్లి, అటక పలకల సందులోంచి సన్నటి ధార దిగి తిన్నగా ఆయన నోట్లో పడింది. అన్ని తిట్లు తినేసరికి కాస్త చల్లారింది కాబట్టి నోరు కాలలేదు.

"దిగింది! దిగింది!" అని ఇల్లంతా గంతులు.

అప్పలసూరి చప్పరించాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ చప్పరించాడు. "కాఫీలోనే ముసిలోడినైపోనాను గానీ, ఇంత సిక్కటిది ఎప్పుడూ తాగనేదురా! కొట్టు మీదే" అన్నాడు. అక్క అటక మీద ఎందుకుందో అడగనే లేదు. ఎంతైనా ఆయనా ఆ రక్తమే కదా. పైగా నిద్ర మీద ఆశ!

మర్నాడు అన్నదమ్ములిద్దరూ బస్టాండు కొట్లో కూర్చున్నారు. అక్కడ అసలు మిషనే ఉంది. మీట నొక్కితే కాఫీ వస్తుంది. ఇక తప్పు చేయడానికి ఏముంది?

"ఒక్కటే మాటరా" అన్నాడు అప్పలసూరి తాళాలు చేతిలో పెడుతూ. "కొట్టుకొచ్చినోల్ని ఎవర్నీ ఊరికే పంపీకండి. యాపారమంటే అదే. నాను బజారుకెల్లొచ్చి మధ్యాన్నం బస్సుకి ఎలిపోతాను."

ఒక తాత వచ్చి కాఫీ తాగి సంచి భుజానికెత్తుకున్నాడు.

"ఎక్కడికి తాతా?" అన్నాడు గవరయ్య.

"ఊరికే బాబూ. బస్సొచ్చీసింది."

అన్నదమ్ములు ఉలిక్కిపడ్డారు. మావయ్య ఎంత ముందుచూపున్న మనిషి! అంతే, తాతని చెయ్యి పట్టుకుని మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టి షట్టరు సగం దించారు. తరవాత ఒక కొత్త జంట వచ్చింది. వాళ్ళదీ ఊరికే. చంటిపిల్లతో ఒకావిడ వచ్చింది, ఆవిడదీ ఊరికే. జనం ఏరని వెతుక్కుంటూ కండక్టరు వస్తే, అతని బస్సే ఊరికట! అతన్నీ లోపలేశారు.

అప్పలసూరి తిరిగొచ్చేసరికి షట్టరు అవతల గోల గోల.

"ఏట్రా ఇది? ఈలందర్నీ ఎందుకు లోపలెట్టినారు?"

"నువ్వే గదా మావా ఎవర్నీ ఊరికే పంపొద్దన్నావు!" అన్నాడు సన్యాసి. "సూస్తే అందరూ ఊరికే ఎల్తామంటన్నారు."

అప్పలసూరి నెత్తి బాదుకున్నాడు. "ఓరి సన్నాసుల్లారా, అది ఆ ఊరు కాదురా! తియ్యండి షట్టరు, నా బస్సు ఎలిపోతంది!"

"నీ బస్సా? నువ్వెక్కడికి మావా?"

కంగారులో ఆయన నోరు జారింది. "ఎక్కడికేట్రా, ఊరికే!"

ఇంకేముంది, ఇద్దరూ చెరో రెక్కా పట్టుకున్నారు. "నీ మాట నువ్వే తప్పితే ఎలాగ మావా?" అంటూ లోపలికి తోసి, షట్టరు పూర్తిగా దించి తాళం వేశారు. లోపల చంటిపిల్ల ఏడుస్తోంది, తాత తిడుతున్నాడు, కండక్టరు ఈల ఊదుతున్నాడు. అందర్నీ ఊరుకోబెట్టడానికి అప్పలసూరే మిషను దగ్గరికి నడిచి కాఫీ కలపడం మొదలుపెట్టాడు.

బయట మెట్ల మీద కూర్చుని గవరయ్య ఇంటికి ఫోన్ కలిపాడు. "అమ్మా, కొట్టు కిటకిటలాడతంది! ఒక్కడూ బయటికెల్లట్లేదు!"

"నా బంగారాలే! మరి మావయ్యని బస్సెక్కించినారా?"

"బలేదానివమ్మా" అన్నాడు గవరయ్య. "ఇంత పెద్ద కొట్టు ఇచ్చినోడిని ఊరికే పంపిస్తామేటి!"