నాలుగు తాళ్ళ దుప్పటి

మా అమ్మమ్మ చెప్పే కథలు మూడొందలు నాకు నోటికి వచ్చు. మూడొందలంటే మూడు. అందులో రెండు సగంలోనే నిద్రపోయాను. మిగిలింది ఇదిగో. మా చెల్లి పావనిని పడుకోబెడుతూ అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. పక్క మంచం మీంచి నేను వేసిన వెటకారాలు మాత్రం తీసేశాను, ఒకటి తప్ప.

అనగనగా ఒక ఊళ్ళో ఒక బస్టాండు, బస్టాండుకి ఒక గోడ. గోడ పక్కన ముగ్గురు కూచునేవాళ్ళు. సూరీడమ్మ ఆకుకూరలు అమ్మేది. పోలమ్మ జామకాయలు అమ్మేది. దస్తగిరి దువ్వెనలు, పిన్నులు అమ్మేవాడు. ముగ్గురికీ కొట్టు లేదు తల్లీ. నేల మీద దుప్పటి, దుప్పటి మీద సరుకు. అంతే.

అప్పుడప్పుడు మున్సిపాలిటీ వాళ్ళ తెల్లజీపు వచ్చేది. "రోడ్డు మీద కూచోకూడదు" అని సరుకూ తక్కెడా ఎత్తుకుపోయేది. అందుకని ముగ్గురూ దుప్పటి నాలుగు మూలలకీ నాలుగు తాళ్ళు కట్టుకున్నారు. తాళ్ళు ఒక్కసారి లాగితే దుప్పటి మూటైపోయేది. మూట భుజాన వేసుకుని సందులో మాయం. గోంగూర కట్ట ఒక్కటి కింద పడేది కాదు.

ఆ తర్వాత ఒకరోజు ఆ ఆఫీసు నుంచే పరాంకుశం అనే గుమాస్తా వచ్చాడు. వీధిలో అమ్ముకునేవాళ్ళని పుస్తకంలో రాసుకుని, ఫోటో తీసి, కార్డు ఇవ్వడం ఆయన పని. కార్డున్నవాళ్ళని ఇంకెవరూ లేపకూడదు. కొత్త రూలు. మనిషి మంచివాడే. కానీ వచ్చింది ఎందులో? ఆ తెల్లజీపులోనే.

జీపు మలుపు తిరిగింది. తాళ్ళు లాగారు. మాయం. పరాంకుశం దిగి చూస్తే గోడ, గోడ కింద ఒక మేక. "ఇక్కడ ఎవరూ లేరు" అని రాసుకుని పోయాడు.

అప్పుడు ఆయనకి అనుమానం వచ్చింది. రెండోసారి మైకు పెట్టించుకుని వచ్చాడు. "వీధిలో అమ్ముకునేవారికి తెలియజేయడమేమనగా..." అనేలోపే వీళ్ళు సందు దాటేశారు. పోయినేడు సామాను ఎత్తుకుపోయినప్పుడూ ముందు మోగింది మైకే కదా. ఈసారీ మేకే ఉంది.

"మేకకి కార్డు ఇచ్చాడా అమ్మమ్మా?" అన్నాను నేను. ఆ ఒకటీ ఇదే.

"నీకంటే అది నయంరా. కూచున్నచోట కూచుంది" అంది అమ్మమ్మ.

ఆ తర్వాత పరాంకుశం గోడకి ఒక కాగితం అంటించాడు. వీళ్ళ ముగ్గురికీ చదువు రాదు. టీకొట్టు సన్యాసిరావు చదివి చెప్పాడు. శుక్రవారం ఆఖరిసారి వస్తారట. ఆరోజూ ఎవరూ కనబడకపోతే ఇది ఖాళీ జాగా అని రాసేసి, కార్లు నిలుపుకోడానికి ఇచ్చేస్తారట.

"ఇరవయ్యేళ్ళు కూచుంటే ఖాళీ జాగానా?" అంది పోలమ్మ.

"కూచున్నట్టు ఎవరికి కనబడ్డాం అక్కా? మన పనితనం అలాంటిది" అన్నాడు దస్తగిరి.

శుక్రవారం కదలకూడదని ముగ్గురూ ఒట్టేసుకున్నారు. కానీ ఒట్టేసింది నోరు. పరిగెత్తేది కాళ్ళు. సూరీడమ్మకి కాళ్ళ మీద నమ్మకం లేకపోయింది. ఆ రోజు మిగతా ఇద్దరూ టీకి వెళ్ళినప్పుడు, కాడలు కోసే కత్తితో పన్నెండు తాళ్ళూ మొదలుకంటా కోసేసింది. అనుమానం రాకుండా ఎక్కడివి అక్కడే పెట్టింది.

అప్పుడు జీపు మలుపు తిరిగింది. ఒట్టు మరిచిపోయి పోలమ్మ తాళ్ళు లాగింది. తాళ్ళొచ్చాయి, దుప్పటి రాలేదు. దస్తగిరి లాగాడు. అతనికీ తాళ్ళే. సూరీడమ్మ కూడా లాగింది తల్లీ. కోసింది తనే అయినా లాగింది.

"ఎవరే నా తాళ్ళు కోసింది, దాని చేతులు పడిపోను" అంది పోలమ్మ.

"నేనే. తర్వాత తిడుదువుగాని, ముందు ఫోటోకి కొంగు సర్దుకో" అంది సూరీడమ్మ.

సరుకు వదిలేసి ఎక్కడికి పోతారు? కూచున్నారు. పరాంకుశం ముగ్గురి పేర్లూ రాసుకున్నాడు. ఏం అమ్ముతారో, ఎన్నేళ్ళనుంచో రాసుకున్నాడు. ఫోటోలు తీశాడు. మూడింటిలోనూ మొహాలు దొంగతనంలో దొరికినట్టే పడ్డాయి. అయితేనేం, నెల తిరక్కుండా కార్డులొచ్చాయి. కార్లవాళ్ళు వేరే జాగా వెతుక్కున్నారు. ఆ గోడ పక్కన ఇప్పటికీ ఆకుకూరలు దొరుకుతాయి.

"కథ కంచికి, కునుకు కంటికి" అని అమ్మమ్మ దుప్పటి కప్పేసరికి పావని ఎప్పుడో నిద్రపోయింది.

ఆ సూరీడమ్మ ఎవరో మీకు తెలిసే ఉంటుంది. అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులొచ్చాక కార్డు నా పేరుకి మార్పించింది. ఇప్పుడు గోడ పక్కన కూచునేది నేనే. కార్డు మెడలో వేసుకుని, ఆఫీసరులా కూచుంటాను.

ఇక చెప్పక తప్పదు. పోయిన మంగళవారం తెల్లజీపు మలుపు తిరిగింది. డ్రైవరు గోంగూర కొందామని ఆపాడట. నాకేం తెలుసు? దుప్పటికి నాలుగు తాళ్ళు మళ్ళీ కట్టుకున్నది నేనే. అమ్మమ్మకి తెలీదనే అనుకున్నాను, కథ మధ్యలో ఆ మేక నాకంటే నయం అనేదాకా.

కథ కంచికి, కార్డు మెడకి, నేను సందు చివరికి.