అమ్మమ్మ గొంతున్న ల్యాప్‌టాప్

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్ల కొండవాలున, పైడిరాజు అనే ముంగిస ఉండేవాడు. అతని దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఉండేది. అడవిలో ల్యాప్‌టాప్ ఏమిటని అడక్కండర్రా! ముంగిస మాట్లాడితే నమ్ముతారు గానీ, ల్యాప్‌టాప్ ఉంటే నమ్మరా? ఉంది. వాళ్ళ అమ్మమ్మ ఇచ్చి పోయింది.

ఆ అమ్మమ్మ కథ మొదలుపెడితే పక్క పుట్టల్లోని ఉడుములు కూడా పని మానుకుని వచ్చేవి. వానాకాలం సాయంత్రాలు పైడిరాజూ, వాళ్ళక్క పోలమ్మా ఆమెకి చెరో పక్కన ముడుచుకుని పడుకునేవారు. అమ్మమ్మ కథ చెబుతుంటే ల్యాప్‌టాప్ రికార్డు చేసుకునేది. "ఊఁ కొట్టండర్రా! ఊఁ కొట్టకపోతే కథకి కోపం వస్తుంది" అనేది ఆవిడ. పిల్లలిద్దరూ నిద్రలో కూడా ఊఁ కొట్టేవారు. ఎంత బాగుండేవో ఆ రోజులు! తర్వాత అమ్మమ్మ పోయింది. ఆమె గొంతు మాత్రం ఆ ల్యాప్‌టాప్‌లో మిగిలింది. ఇంకెక్కడా లేదు.

ల్యాప్‌టాప్ కూడా ముసలిదైపోయింది. మీట నొక్కితే, పొయ్యి మీద గంజి పొంగేదాకా తెరుచుకునేది కాదు. కథ మధ్యలో ఆగిపోయేది. "అమ్మమ్మ గొంతు సవరించుకుంటోంది" అని పైడిరాజు తనలో తనే నవ్వుకునేవాడు.

ఒకనాడు పోలమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని అత్తవారి కొండ నుంచి వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, నా పిల్లలు తాతమ్మని చూడనే లేదు. ఆ గొంతైనా వాళ్ళ చెవిన పడాలిరా. కథలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇయ్యి. రేపు పొద్దున్నే బయల్దేరాలి" అంది.

"రేపటికా! ఈ ముసలిదానితో అయ్యే పనేనా? ఉండక్కా, దీన్ని పరుగు పెట్టిస్తాను" అన్నాడు పైడిరాజు. ప్రాసెసర్‌నీ, మెమరీనీ తయారుచేసినవాళ్ళు పెట్టిన హద్దు దాటించి ఇంకా వేగంగా నడపడం అతనొక వీడియోలో చూశాడు. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు.

"వేగం సంగతి తర్వాత చూద్దువు గానీ, ముందు కాపీ తియ్యి నాయనా. ఎంతసేపైనా కూర్చుంటాను. కాకపోతే ఎల్లుండి పోతాను" అంది పోలమ్మ.

"ఆలస్యం అమృతం విషం అక్కా!" అన్నాడు. వింటేగా!

మొదట ప్రాసెసర్ వేగం కొంచెం పెంచాడు. ల్యాప్‌టాప్ చటుక్కున తెరుచుకుంది. కథ ఎక్కడా ఆగలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత మెమరీ వేగం పెంచాడు. ఏ కథ నొక్కితే ఆ కథ రెప్పపాటులో పలికింది.

"తమ్ముడూ, అడుగున కాలుతోందిరా" అంది పోలమ్మ.

"మంచిదేగా, చలి కాచుకుందాం!" అన్నాడు వాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ పైడిరాజుకి సరదా పుట్టింది. కథలన్నిటినీ కలిపి, వెనకాల వాన చప్పుడు తీసేసి, పాతవాటి మీదే సేవ్ చేద్దామనుకున్నాడు. అది పెద్ద పని. అందుకని ఈసారి రెండు వేగాలూ చివరికంటా పెంచేసి, సేవ్ నొక్కాడు.

లోపల ఫ్యాను పాములా బుసకొట్టింది. ఎవరైనా ఉలిక్కిపడేవారే. వీడు ముంగిస కదా, పుట్టి బుద్ధెరిగాక ఏ బుసకీ బెదరలేదు. మీసాలు దువ్వుకుని ఇంకా ముందుకు జరిగాడు. అంతలో తెర నీలంగా మారింది, ఆ వెంటనే నల్లబడిపోయింది.

పైడిరాజు ఎన్నిసార్లు మీట నొక్కినా అది వెలగలేదు. ల్యాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని, రిపేర్లు చేసే కోతి అప్పన్న తాత దగ్గరికి పరుగెత్తాడు. తాత దాన్ని చల్లార్చాడు. వేగాలన్నీ మళ్ళీ పాత చోటికి దించాడు. ల్యాప్‌టాప్ వెలిగింది.

"బతికింది తాతా!" అని గంతేశాడు పైడిరాజు.

"ఇది బతికింది నాయనా. నీ కథలే బతకలేదు. అంత వేగానికి మెమరీ తడబడి, పాతవాటి మీద పిచ్చిగీతలు గీసేసింది" అన్నాడు తాత.

ఒక్కో కథా నొక్కి చూశారు. అన్నిట్లోనూ గరగరే వచ్చింది.

"ఇంకోసారి వెతుకు తాతా, ఒక్క ముక్కైనా దొరుకుతుందేమో!"

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం రా?" అని తాత వాడి వీపు నిమిరాడు.

పోలమ్మ ఖాళీ పెన్‌డ్రైవ్‌ని కొంగున ముడేసుకుంది. తిట్టినా బాగుండును అనిపించింది వాడికి. మర్నాడు ఆమె మూట కట్టుకుని బయల్దేరింది. ఆమె చిన్నపిల్ల మాత్రం సగం దారి నుంచి వెనక్కి పరుగెత్తుకొచ్చింది.

"మామా, తాతమ్మ గొంతు ఎలా ఉండేది?" అని అడిగింది.

"కొంచెం బొంగురుగా ఉండేదమ్మా. కథలో నవ్వొచ్చే చోటు రాకముందే ఆవిడకి నవ్వొచ్చేసేది. ఇదిగో, ఇలా..." అని పైడిరాజు నోరు తెరిచాడు. ఎంత ప్రయత్నించినా అది తన గొంతే అయింది, అమ్మమ్మది కాలేదు. వాడి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

పిల్ల ఇంకా చెవులు నిక్కించి వింటూనే ఉంది.

నీతి: పోతే మళ్ళీ రానిదాన్ని ముందు భద్రం చేసుకోవాలి, వేగం సంగతి ఆ తర్వాత.