చేతుల కబుర్లు

రాజులు పోయినా ఇంటి ఓనర్లు మిగిలారు. విరూపాక్షయ్య, అద్దెకున్న పోలమ్మకు వైఫై ఇస్తూ హెచ్చరించాడు: "పక్కింటికి పంచావో, వైరు పీకేస్తా!"

పక్కింటి సత్యవేణికి మాట రాదు, వినపడదు. వేరే ఊళ్ళో వడ్రంగం చేసే మొగుడూ అంతే. వీడియో కాల్ ఉంటేనే వాళ్ళకు కబుర్లు. పోలమ్మ మనసాగక తన అరుగు మీద కూర్చోబెట్టి నెట్ కలిపింది.

ఒక సాయంత్రం ఓనరు పట్టుకున్నాడు. "నా నెట్టేగా? చేతులూపుతూ ఏం చెబుతోంది?"

"తమరి గురించేనండీ. ఓనరుగారి దయవల్లే నీ ముఖం చూస్తున్నానంటోంది. పీకేస్తానన్న మాట మీరే చెప్పండి, నాకు చూస్తే తెలుస్తుంది గానీ చేతులతో చెప్పడం రాదు," అని పోలమ్మ ఫోను ఆయనవైపు తిప్పింది.

తెరమీద వడ్రంగి నవ్వాడు. విరూపాక్షయ్య చొక్కా సర్దుకుని, తనకు తెలిసిన ఒకే ఒక్క సైగ చేశాడు. రెండు చేతులూ జోడించాడు.